అరంగుళం పోయిన ప్రొపెల్లర్

ఆదివారంలోగా తెమలాల్సిన పనులు ఇవి. కొత్త ఇంజను బిగుతు వదిలేదాకా నెమ్మదిగా తిప్పడం. మూడు ప్రొపెల్లర్లు మార్చి మార్చి బిగించి, ఒక్కోదానితో నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో మీటరు పెట్టి ఇంకోసారి చూసుకోవడం. దాన్నిబట్టి పవర్ లెక్క కట్టడం. ఆ అంకెని పెట్టెల మీద అచ్చువేయడానికి ప్రెస్సుకి పంపడం. అన్నిటికన్నా ముఖ్యంగా, మా బాబాయిని ఉప్పుకాగితం దగ్గరికి పోనివ్వకపోవడం.

మొదటి నాలుగూ నేను చేయగలను. ఐదోది దేవుడి తరం కూడా కాదు.

బాబాయి బొమ్మ విమానాలకి ఇంజన్లు చేస్తాడు. అరచేతిలో ఇమిడేవి, కానీ మోగితే మూడిళ్ల అవతల పిల్లలు లేస్తారు. ఇంటి ముందు గదే వర్క్‌షాపు. మా వంశంలో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి లెక్కలన్నీ నా నెత్తిన పడ్డాయి. “ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం” అంటుంది పిన్ని. ఈ ఇంజన్లు తాగేది కూడా ఆముదం కలిపిన నూనే కాబట్టి నేను మారు మాట్లాడను.

ఇంత చిన్న ఇంజను బలాన్ని నేరుగా తూచే సాధనం మా దగ్గర లేదు. ప్రొపెల్లరే మా తక్కెడ. ఇంత పొడవున్నదాన్ని ఇంత వేగంగా తిప్పాలంటే ఇంత బలం కావాలని లెక్క ఉంది. వేగం రెట్టింపు చేయాలంటే ఎనిమిది రెట్ల బలం కావాలి. పొడవు రెట్టింపు చేస్తే ఏకంగా పదహారు రెట్లు. గిన్నెలో గరిటె తిప్పినవాళ్లు గంగాళంలో తెడ్డు తిప్పి చూస్తే ఈ సంగతి చెయ్యే చెబుతుంది. అందుకే ప్రొపెల్లర్ పొడవు తప్పితే లెక్కంతా నీళ్లపాలు.

గురువారం కొత్త ప్రొపెల్లర్ ఒకటి కొనుక్కొచ్చి, పోయినవారం కొలతలు తీసినదాని పక్కన పెట్టాను. రెండింటి మీదా పది అంగుళాలనే అచ్చయి ఉంది. పాతది మాత్రం అరంగుళం పొట్టి. దాని చివర్లు అప్పుడే పెట్టిన సున్నంలా తెల్లగా ఉన్నాయి.

“బాబాయ్, దీన్ని గీకావా?”

“గీకడమేంటే? చివర్లు కాస్త సాపు చేశాను. గాలికి అడ్డం పడుతున్నాయి.”

“గాలికి అడ్డం పడ్డమే కదా దాని పని!”

“మరి చుట్లు పెరిగాయిగా? పవర్ ఉంటేనేగా పెరిగేది!”

“బండిలో మూటలు దించేస్తే ఎద్దు పరిగెడుతుంది బాబాయ్. ఎద్దుకి బలం పెరిగినట్టా?”

పిన్ని గుమ్మంలోంచి తొంగి చూసింది. “ఎద్దంటున్నది ఇంజన్నేనా అని ఓసారి కనుక్కోండి.”

ఎవరికీ నవ్వు రాలేదు. పది అంగుళాలనుకుని నేను కట్టిన పవర్ అసలుకన్నా చాలా ఎక్కువ. మళ్లీ కడితే దాదాపు ఐదో వంతు ఎగిరిపోయింది. ఆ తప్పుడు అంకెని బాబాయి అప్పటికే మాస్టారికి చెప్పేశాడు.

మాస్టారు రిటైరైన డ్రాయింగు టీచరు, మా విమానాల క్లబ్బుకి పెద్ద. ఏడాది పైనుంచి ఒక పెద్ద విమానం కడుతున్నారు. చేతులు వణుకుతున్నాయి, ఇదే ఆఖరిదని అందరికీ చెప్పారు. మేం చెప్పిన పవర్‌ని నమ్మి, చివర్లో మిగిలిన చక్రాలూ రంగూ బరువు చూసుకోకుండా వేసేశారు. ఆదివారం మా కొత్త ఇంజనుతోనే దాన్ని ఎగరేయాలి. అది చెట్టెత్తు లేచి కూలిపోతే ఇంకోటి లేదు.

“చెప్పి వస్తాను” అన్నాను.

“ఆకాశంలో ఎవడు కొలుస్తాడే? కాస్త అటూ ఇటూ.”

“కింద పడితే కొలిచినట్టే బాబాయ్.”

“నా పరువు?”

“నువ్వు ఇంకో ఇంజను చేసి తెచ్చుకో పరువు. ఆయన ఇంకో విమానం చేయలేరు.”

మాస్టారి గదిలో విమానం మంచం మీద పడుకుని ఉంది. ఆయన కింద చాప వేసుకున్నారు. తెల్లటి రెక్క మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక ఎర్ర గీత, దారం లాగినట్టు ఉంది. నేను చెప్పిందంతా విని ఆయన కోప్పడలేదు. అది ఇంకా బాధ.

“ఆదివారం ఆపేద్దాం మాస్టారూ.”

“ఆపితే ఇంజను పెద్దదవుతుందా? ఎంత బరువు తీయాలో చెప్పు.”

చెప్పాను. చక్రాలూ వాటి తీగలూ తీసేశాం. చాల్లేదు. ఆయన రెక్క వైపు చూశారు.

“రంగు ఎంత బరువుంటుంది?”

“రంగు జోలికి వద్దు మాస్టారూ.”

“అడిగింది చెప్పమ్మా.”

“చాలానే ఉంటుందండీ. నాలుగు పూతలు వేశారుగా.”

“ఈ గీత ఒక్క ఊపులో గీశాను. ఆ పూట చెయ్యి మాట విన్నది.” రంగు కరిగించే థిన్నరులో గుడ్డ ముంచి, ముందు ఆ గీతనే తుడిచారు.

నేను తెచ్చిన వేరే రకం ప్రొపెల్లర్ని ఇంజనుకి బిగించాను. ఇది పాతదానికన్నా పొడవు, దీని రెక్కల మెలిక తక్కువ. బరువైన విమానాన్ని నిదానంగా లాగడానికి ఇదే మేలు. ఉప్పుకాగితం తగలనిది కూడా.

చక్రాలు లేవు కాబట్టి ఎవరో ఒకరు పట్టుకుని పరిగెత్తి విసరాలి. ఆదివారం మైదానంలో బాబాయే ముందుకొచ్చాడు. బొజ్జ ఊపుకుంటూ పరిగెత్తి విసిరాడు. విమానం గడ్డిని తాకేంత కిందకి జారింది. తర్వాత ముసలాయన మెట్లెక్కినట్టు ఒక్కో అడుగే పైకి పోయింది. రిమోటు పట్టుకున్న మాస్టారి చేతి వణుకు రెక్కల్లో కనిపిస్తోంది. అయినా ఎగిరింది. పెద్ద చుట్టు తిరిగి వచ్చి గడ్డిలో పొట్ట మీద జారుతూ దిగింది.

బాబాయి ఆయాసపడుతూనే నా దగ్గరికొచ్చాడు. “చూశావటే! నేను చెప్పిన పవర్ ఉండబట్టే లేచింది!”

నాకు తల బాదుకోవడానికి అక్కడ గోడ కూడా లేదు.

“నీ పవర్‌తో లేవలేదురా, నా రంగు పోతే లేచింది” అన్నారు మాస్టారు. “పెట్టెల మీద అమ్మాయి కట్టిన అంకె వెయ్యి.”

“మరీ చిన్నదిగా కనిపిస్తుంది మాస్టారూ.”

“కనిపించనీ.”

అదే వేశాం. పక్క కంపెనీల పెట్టెల మీద అంతకన్నా పెద్ద అంకెలు ఉంటాయి. దుకాణాలవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు, బాబాయి ఫోన్ నా చేతిలో పెట్టి బయటికి పోతాడు, నేను ఎద్దూ మూటల కథ మళ్లీ మొదటినుంచి చెప్పుకొస్తాను. విసుగొస్తోంది. మీరు కూడా ఎప్పుడైనా మా పెట్టె చేతిలోకి తీసుకుని, అంకె తక్కువుందని పక్కన పెట్టబోతే కాస్త ఆగండి. మేం చెప్పిన పెద్ద అంకెని నమ్మినందుకు తన తిన్నని గీతని తనే తుడిచేసుకున్న మాస్టారిని ఒక్కసారి తలుచుకోండి.