పల్చని శివారు

నగర రవాణా ఆఫీసులో ఆమెది పటాలు తయారుచేసే ఉద్యోగం. ఏ పేటలో జనం కిక్కిరిసి ఉన్నారు, ఎక్కడ పల్చగా ఉన్నారు అన్నది ఎరుపు, పసుపు రంగులు వేసి చూపిస్తుంది. ఈసారి డైరెక్టరు కొత్త పని అప్పగించాడు. సముద్రం ఒడ్డునున్న మరో మహానగరపు శివార్లతో తమ శివార్లను పోల్చాలి.

"తూర్పు వైపు బస్సులు ఎలాగూ తగ్గిస్తున్నాం. పటం చూశాక ఎవరూ నోరెత్తకూడదు," అన్నాడు.

తూర్పు శివారులో సగానికి పైగా పాడుబడ్డ రాళ్ల క్వారీ. అవతలి నగరంవాళ్లు ఇళ్లున్న నేలనే లెక్కలోకి తీసుకున్నారు. ఈమె మాత్రం క్వారీని కూడా కలిపేసి, జనాన్ని ఆ మొత్తం నేలకీ పంచేసింది. తప్పని తెలుసు. తెలిసే చేసింది. ప్రమోషన్ ఊరిస్తోంది మరి. పటంలో అవతలి శివార్లు ముదురు ఎరుపులో వచ్చాయి, తూర్పు శివారేమో వెలిసిపోయిన పసుపులో.

ఆ పసుపులోనే ఆమె అక్క కాపురం ఉంది.

బావ టైలరు. అమ్మానాన్నలు పోయాక మరదల్ని చదివించింది ఆయనే. గుమ్మంలో అడుగు పెడితే చాలు, "వచ్చిందండీ మా పెద్దాఫీసరమ్మ!" అంటూ మిషను వదిలేసి ఎదురొచ్చేవాడు. ఈమధ్య ఆమే వెళ్లడం మానేసింది.

జనాన్ని పిలిచి పెట్టిన మీటింగులో ఆమె మైకు పట్టుకుని గడగడా చెప్పుకుపోతోంది. "ఆ నగరంతో పోలిస్తే మన తూర్పు శివారు చాలా పల్చన. ఇన్ని బస్సులు అక్కర్లేదు."

వెనక వరుసలో ఒకాయన లేచాడు. హడావిడిలో మెడలోని టేపు తీయడం కూడా మరిచిపోయినట్టున్నాడు. బావ!

"అది కాదండీ..." తడబడ్డాడు. "మా వీధిలో ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకునే ఉంటాయి. పొద్దున బస్సులో ఒంటికాలి మీద నిలబడి వస్తాం. పల్చన అంటారేంటి?"

"కొలిచి చూపించడానికి టేపు కూడా తెచ్చాడురోయ్!" అన్నారెవరో. హాలంతా గొల్లుమంది.

డైరెక్టరు ఆమె వైపు వంగాడు. "మిమ్మల్నే చూస్తున్నాడు. తెలిసినాయనా?"

"లేదు సార్. ఎవరో."

మైకు చేతిలోనే ఉంది. ఆ మాట అందరికీ వినబడింది.

"మేడమ్‌గారికి నేనెక్కడ తెలుస్తానండీ? ఊరికే అడిగాను," అని బావ టేపు తీసి జేబులో కుక్కుకుని కూర్చున్నాడు. ఆమె తర్వాతి పటం చూపించింది.

మర్నాడు సాయంత్రం తూర్పు శివారు బస్సులో నలిగి నలిగి అక్క ఇంటికి వెళ్లింది.

"దారి తప్పొచ్చావా ఏంటే!" అక్క మొహం వెలిగిపోయింది. "నిన్న మీ బావ మీటింగుకొచ్చాడుగా. నువ్వెంత బాగా మాట్లాడావో అని ఒకటే పొగడ్త. పనిలో ఉన్నావని పలకరించలేదట, మొహమాటం మనిషి!"

పక్కగదిలో మిషను చప్పుడు ఆగింది.

"మాట్లాడాడక్కా," అందామె. "నేనే... ఎవరో తెలీదన్నాను. అందరి ముందూ."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" లోపల్నుంచి బావ అందుకున్నాడు. "దాని ఉద్యోగం అలాంటిది."

"మీరాగండి!" అక్క కసిరింది. చెల్లెలి వైపు తిరిగింది. "బస్సులు పోతే పోనీ, కాళ్లీడ్చుకుంటూ నడుస్తాం. ఆయన నీకు ఎవరో అయిపోయాడా?"

బావ గుమ్మంలోకి వచ్చి, తప్పు తనే చేసినవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. అక్క తిట్లకన్నా అది చూడటమే ఆమెకు కష్టమైంది.

తెల్లారి ఆఫీసుకెళ్లి, క్వారీ తీసేసి పటం మళ్లీ చేసింది. తూర్పు శివారు అవతలి నగరపు శివార్లకన్నా ఎర్రబడింది. "మొదటిది తప్పు సార్. తెలిసే చేశాను. మొన్న లేచినాయన మా బావ," అంది. డైరెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. బస్సులు నిలిచాయి. ప్రమోషన్ ఇంకొకరికి పోయింది. ఆమెకు దానిమీద దిగులేమీ కలగలేదు.

ఆదివారం భోజనానికి రమ్మని బావే ఫోన్ చేశాడు. ఎప్పటిలాగే కొసరి కొసరి వడ్డించాడు. ఇంతలో జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చిన పక్కింట్లో కొత్తగా దిగినావిడ ఆమెను చూసి, "ఎవరండీ?" అని అడిగింది.

బావ, చెప్పవచ్చా అన్నట్టు ఆమె వంక చూశాడు.

"ఈయన మరదల్నండీ," అంది ఆమె, తలెత్తకుండానే.