సైరన్ మోగితే పొయ్యి ఆర్పాలి

మా నాన్న సూర్యారావు పోయిన పన్నెండో రోజు మధ్యాహ్నం, తెలుగు సంఘం కార్యదర్శి గణపతిరావు శాలువా పట్టుకుని భిలాయి రుఆబాంధా పేటలో మా ఇంటికి వచ్చాడు.

"ఫొటోకి కప్పుతానమ్మా. యుద్ధవీరుడు గదా మన సూర్యారావు," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. రెండేళ్ల కిందట ఈ మాట ఏ గంగలో కలిసిందో!

నాన్న పంతొమ్మిదేళ్లకే నేవీలో వంటవాడు. డెబ్బై ఒకటి పాకిస్తాన్ యుద్ధంలో ఆయన ఓడ తూర్పు సముద్రంలో ఉంది. ఓడలో సైరన్ మోగితే, మంటలు అంటుకోకుండా ముందు పొయ్యిలు ఆర్పాలి. ఆపైన వంటవాళ్లు గరిటెలు పడేసి ఫిరంగి గుండ్లు మోయాలి. నాన్న మోశాడు. ఇనుప తలుపు సందులో పడి ఎడమచేతి రెండు వేళ్లు నలిగిపోయాయి. మర్నాడు ఆ చేత్తోనే ఓడ మొత్తానికి వండి పెట్టాడు.

నేవీ వదిలాక భిలాయి వచ్చి, పెళ్లిళ్లకి వంటలు చేసుకుంటూ మమ్మల్ని పెంచాడు. ఉక్కు ప్లాంటు సైరన్ మోగితే చాలు, ఆయన చెయ్యి దానంతటదే వెళ్లి పొయ్యి ఆర్పేసేది. అన్నం సగం ఉడికినా సరే. అమ్మ గొణుక్కుంటూ మళ్లీ వెలిగించేది. "ఏటయ్యా, ఇదేటి ఓడా?" అనేది. నేనూ నవ్వేదాన్ని. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం.

తొంభై ఆరు డిసెంబరులో, యుద్ధానికి పాతికేళ్లని సంఘం హాల్లో మాజీ సైనికులకి సన్మానం పెట్టారు. వారం ముందు గణపతిరావు వచ్చాడు. "సూర్యారావ్ భయ్యా, రెండొందల మందికి భోజనాలు. నీ చేతి సాంబారు ఉండాల," అన్నాడు. సన్మానం మాట ఎత్తలేదు. వెళ్లొద్దని నేను నాన్నతో పోట్లాడాను.

"తినీవోళ్లు మావోళ్లేనమ్మా. ఒకేల పిలుస్తారేమో గదా," అన్నాడు.

ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, యుద్ధానికి నేవీ ఇచ్చిన పతకం జేబులో పెట్టుకుని వెళ్లాడు. మిగతా సైనికులతో పాటు తన పేరు ఒక్కసారి మైకులో వినాలని ఆయన ఆశ. జన్మలో ఆయన కోరుకున్నది అదొక్కటే.

ఏడు పేర్లు పిలిచారు. నాన్న చేతులు కడుక్కుని వంటగది గుమ్మంలో నిలబడి విన్నాడు. ఏడోవాడు యుద్ధమంతా ఒడ్డున ఆఫీసులో కూర్చున్నవాడే. ఆ తర్వాత మైకులో గణపతిరావు గొంతుతో నిజంగానే నాన్న పేరు వినపడింది.

"సూర్యారావ్, సాంబార్ పట్టుకురా, జల్దీ."

హాలంతా నవ్వింది. నాన్న జేబు మీద చెయ్యి అదుముకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ గణపతిరావే ఇప్పుడు ఫొటో ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఎవరొచ్చినా టీ ఇవ్వకుండా పంపే అలవాటు మాకు లేదు. అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టింది.

"సంఘం మీటింగులో ఆయన పేరు కూడా సదివిస్తామమ్మా," అంటున్నాడాయన.

రెండు గంటల షిఫ్టు సైరన్ మోగింది. టీ ఇంకా మరగలేదు. అమ్మ చెయ్యి చాచి పొయ్యి ఆర్పేసింది. ఇన్నేళ్లూ నాన్న ఆర్పిందల్లా తిరిగి వెలిగించిన మనిషి, ఈసారి అగ్గిపెట్టె ముట్టుకోలేదు.

గణపతిరావు పొయ్యి వైపు తొంగి చూశాడు. "ఏటమ్మా, గ్యాస్ అయిపోనాదా?"

"లేదండి. సైరన్ మోగింది గదా," అంది అమ్మ. ఫొటో ముందు ఆయన పెట్టిన శాలువాని మడత కూడా విప్పకుండా తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. "పొయ్యి ఆర్పీసినాను. ఇంక మీరు ఎల్లండి."