అక్షరాల్లేని పుస్తకంలో ఉలిగెమ్మ

సౌభాగ్య టీచర్ రోజూ పొద్దున్నే రాయచూరులో బస్సెక్కి మల్లట్ దగ్గరి ఒక చిన్న ఊరి బడికి వెళ్ళేది. ముందు హాజరు వేసేది, తర్వాత బొమ్మల పుస్తకం తెరిచి ఎవరెవరు ఎక్కడున్నారో పిల్లలతో కలిసి చూసేది. ఆ పుస్తకంలో ఒక్క అక్షరం లేదు. ఒక కుటుంబం పెట్టె పట్టుకుని ఊరు విడిచి, ఓడెక్కి, పెద్ద పట్నంలో దిగుతుంది. పిల్లలకు వలసల గురించి చెప్పి ఫోటోలు పంపమని పై ఆఫీసువాళ్ళు దాన్ని ఇచ్చారు.

వలసల గురించి ఈ పిల్లలకు చెప్పాలట! కోతలు అయ్యాయంటే సగం ఊరు గుళె పోతుంది. పొయ్యి, మేక, పిల్లలు, అన్నీ లారీకెక్కించుకుని బెంగళూరు మేడల పనికి పోవడమే గుళె. మొదటిరోజే పిల్లలు పుస్తకాన్ని తప్పుపట్టారు.

"ఏంది టీచర్ గిట్ల? పెంక లేకుంట పోతరా ఎవరన్న? రొట్టె దేనిమీద చేస్కుంటరు?" అంది ఐదో తరగతి ఉలిగెమ్మ.

గుళె పోయిన పిల్లలు ఆ పుస్తకంలోకి చేరేవారు. సోమవారం వెళ్ళిన తిమ్మన్న మంగళవారం ఓడ పక్కన నిలబడ్డాడు, బుధవారానికి పట్నం పేజీలో ఇటుకలు మోస్తున్నాడు. "సన్నగైండు" అనుకుని పిల్లలు లెక్కల పుస్తకాలు తీసేవారు.

సౌభాగ్యకు మాత్రం ఒళ్ళు మండేది. క్లాసులో భిన్నాలు ఒంటబట్టింది ఉలిగెమ్మ ఒక్కదానికే. దాన్ని కూడా గురువారం తీసుకుపోతున్నారని తెలిసి, పుస్తకం చంకన పెట్టుకుని వాళ్ళింటికి నడిచింది.

తండ్రి యమనూరప్ప మూటలు కడుతున్నాడు. "ఏం జేయాలె టీచరమ్మా? మేమిద్దరం పనికెక్కితె చిన్నోన్ని ఎవరు వట్టుకుంటరు? ఉగాదికి వస్తం గద."

"ఉగాదికి బడే అయిపోతది! ఏటేటా ఇదే మాట. ఇట్ల పోయినోళ్ళల్ల ఎంతమంది మల్ల బడికొచ్చిండ్రు?"

ఆయన అవునన్నట్టు తలూపాడు. అందరూ ఇలాగే తలూపుతారు, ఆ తలూపడమే ఆమెకు పిచ్చెక్కిస్తుంది.

తల్లి దురుగమ్మ కొంగుకు చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. చదువు రాదని ఆమె ఏనాడూ పుస్తకం ముట్టలేదు. దీనికి చదువు అక్కర్లేదు. పట్నం పేజీ దగ్గర ఆగిపోయింది. లారీ ఇంకా రానేలేదు, ఉలిగెమ్మ అప్పుడే అక్కడుంది. ఇసుక కుప్ప మీద, చంకలో తమ్ముడితో. దురుగమ్మ తన కోసం వెతికింది. పదో అంతస్తులో గోరంతగా, నెత్తిన సిమెంటు తట్టతో, ఇటు వీపు తిప్పి ఉంది.

ఆమె కొంగు తడిచేసి కూతురి బొమ్మను రుద్దింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది.

"దీన్ని ఈడికెల్లి ఎట్ల తియ్యాలె టీచరమ్మా?"

"పిల్లను పంపకుంటె బొమ్మ అదే పోతది."

"పంపకుంటె యాడుంటది? తాళమేసిన ఇంట్లనా?" దురుగమ్మ గొంతు లేచింది. "నీకంత ఉంటె నీ ఇంట్ల ఉంచుకో!"

సౌభాగ్య తన ఇల్లు తలుచుకుంది. ఆమెది రెండు గదుల ఇల్లు, అందులో మంచానపడ్డ అత్త, అన్నిటికీ కస్సుమనే భర్త జగన్నాథ్. ఇన్నేళ్ళుగా ఎందరు తల్లిదండ్రుల మీద అరిచిందో, ఒక్కరూ ఆమెను తిరిగి ఏమీ అడగలేదు.

"ఉంచుకుంట" అంది, కోపంగానే.

దురుగమ్మ మళ్ళీ పేజీ చూసింది. ఇసుక కుప్ప ఖాళీగా ఉంది. చిన్నోడు పదో అంతస్తులో తల్లి వీపుకు కట్టి ఉన్నాడు. ఆమె చాలాసేపు చూసి పుస్తకం మూసి ఇచ్చేసింది.

శుక్రవారం ఉలిగెమ్మ టీచర్ వెంటే బస్సు దిగింది. హాజరు పిలిస్తే పలకలేదు. పుస్తకం ముందేసుకుని, పదో అంతస్తు అంచును వేలితో అదిమి కూర్చుంది.

"పుస్తకం మూసి లెక్కలు తియ్యవే."

"చెయ్యి తీస్తె అమ్మ పడ్తది టీచర్."

సౌభాగ్య ఆ ఎడమ చేతిని అక్కడే ఉండనిచ్చి, కుడిచేతిలో పెన్సిల్ పెట్టింది. ఆ ఏడాది భిన్నాలన్నీ ఉలిగెమ్మ ఒంటిచేత్తోనే చేసింది.