లెక్కలోకి రాని మోత

తలుపుకు ముప్పై ఏళ్ళు, కిటికీకి ఇరవై, గోడ రంగుకు ఏడు అని వేసి ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఆఫీసులో అందరూ ఆయన్ని 'ఆయుష్షు గారు' అనే పిలుస్తారు. ఇటుక కాల్చిన రోజు నుంచి భవనం కూలి మట్టిదిబ్బయ్యేదాకా ఎంత పొగ, ఎంత నీరు, ఎంత కరెంటు ఖర్చవుతాయో లెక్కగట్టడం ఆయన పని. దానికి ఏ వస్తువు ఎన్నాళ్ళు బతుకుతుందో ముందు తేల్చాలి. "నా స్కూటర్‌కి ఇంకెన్నాళ్ళుందో కాస్త చూసిపెట్టండి సార్" అంటాడు పక్క బల్ల డ్రాఫ్ట్స్‌మన్ రోజూ. రోజూ ఆయన నవ్వుతారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆయన గురించి చెప్పుకోదగ్గ సరదా అదొక్కటే.

ఈ రోజు నవ్వలేదు. ఎదురుగా ఉన్నది పాత ప్రసూతి ఆసుపత్రి లెక్క. బాగుచేయించాలా, పడగొట్టి కొత్తది కట్టాలా అన్నది ఆయనే తేల్చాలి. ఆ గోడలు లేస్తున్నప్పుడు ఇటుకలు మోసినవాళ్ళలో ఆయన అక్క ఒకతె. అమ్మా నాన్నా పోయాక తమ్ముణ్ణి ఇంజనీరును చేసింది ఆ మోతే. ఎవరు పెళ్ళి మాటెత్తినా "ముందు వీడి చదువు కానీండి" అనేది. చదువయ్యాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు ఊపిరితిత్తులు చెడి, ఆయన ఇంట్లోనే మంచం పట్టింది. ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పేశారు. ఆమె మాత్రం రోజూ ఒకటే అడుగుతోంది, తన ఆసుపత్రిని ఉంచుతారా లేదా అని.

గోడల పరీక్ష ఫలితం వచ్చింది. ఇటుకల మధ్య సున్నం పిండైపోయింది. గోడగోడకీ ఇనుప చట్రం బిగిస్తే తప్ప నిలవదు. అంత ఇనుము తయారీకయ్యే పొగ కొత్త భవనం పొగను మించిపోతోంది. పాత గోడల ఆయుష్షు పదేళ్ళు అని వేయాల్సిన చోట ఆయన నలభై కొట్టారు. ఇక చట్రం అక్కర్లేదన్నట్టు తెరమీద లెక్కంతా తిరగబడి ఆసుపత్రి బతికిపోయింది. ఆయుష్షు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు, అడిగేవాళ్ళూ లేరు. ఆ గోడల పక్కన పడుకోబోయే బాలింతలు, పసిగుడ్లు కళ్ళముందు మెదిలారు. నలభై చెరిపేసి పది వేశారు. పాత ఇటుకలను శుభ్రం చేసి కొత్త గోడలకే వాడాలని కింద రాశాక మనసు కాస్త కుదుటపడింది.

పెందలాడే ఇల్లు చేరారు. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది.

"తేలిందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"పడగొడతారక్కా."

"నువ్వే రాశావా?"

"నేనే."

"పోనీలే. ముక్కూమొహం తెలియనివాడెవడో రాసేకంటే నయం."

"ఇటుకలు పారెయ్యరక్కా. వాటితోనే కొత్తది కడతారు. బోలెడంత పొగ తగ్గుతుంది" అన్నారు ఆత్రంగా.

ఆమె నవ్వబోయి దగ్గింది. "అయితే మళ్ళీ ఎవతో మొయ్యాలన్నమాట, పాపం."

ఆయన లెక్కలో బట్టీ పొగ ఉంది, లారీ డీజిలుంది. మనిషి మోత లేదు. దాన్ని కలపకూడదన్నది పద్ధతి. అక్క మోస్తే చదువుకున్నవాడై ఉండీ, ఆ పద్ధతి ఏమిటని ఏనాడూ అనుకోలేదు. సిగ్గుతో తల వాలిపోయింది. ఆమె చెయ్యి పట్టుకుని, "అప్పట్లో మెడ నొప్పెట్టేదా అక్కా?" అని ఇన్నేళ్ళకు అడిగారు.

"చచ్చేంత" అంది ఆమె. ఆ తర్వాత, ఎప్పుడూ అనేలాగే, "ముందెళ్ళి ఏమన్నా తినరా" అంది.

ఆయన వెళ్ళి తిన్నారు. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకుని దుప్పటి సర్ది, చల్లబడ్డ చెయ్యి తగిలి ఆగిపోయారు.

మర్నాడు ఆమెను సాగనంపి వచ్చాక భార్య పక్క తీయబోతే ఆయన వద్దన్నారు. పుండ్లు పడకుండా మడమల కింద పెట్టుకోవడానికి, ఇటుకలు మోసే రోజుల్లో తలమీదికి చుట్టుకున్నట్టే, అక్క తన చేతులతో పాత గుడ్డను మెలిపెట్టి చుట్టిన చుట్టకుదురు, నడుమ కాస్త గుంటపడి, పరుపు మీద అలాగే ఉంది.