బొటనవేళ్ల సమ్మె

"ఆ నీళ్లు నీ నోటికి కాదు, అద్దాలకు!"

సూపర్‌వైజర్ కిరణ్ పైపు లాగేసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం. సోలార్ పలకలు కడిగి కడిగి గొంతెండిపోయి, అదే పైపుకు నోరు పెట్టింది చౌడమ్మ. అదే ఆమె నేరం. తుడిచే కర్ర కూడా గుంజుకుని, "రేపట్నుంచి రావద్దు" అన్నాడు.

పక్క వరసలో కడుగుతున్న రూతు అంతా చూసింది. ఆ సాయంత్రం ఆటో దిగకముందే కూలీల వాట్సాప్ గ్రూపులో ఆమె గొంతు మోగింది. ఆ గ్రూపు పెట్టింది ఆమే, నడిపేదీ ఆమే. చదువు రానివాళ్లే ఎక్కువ కనుక అందులో అందరూ గొంతుతోనే మాట్లాడతారు.

"రేపు ఒక్కరూ లోపలికి పోవద్దు. గేటు కాడే కూచుందాం. చౌడమ్మను మళ్లీ పనిలోకి తీసుకున్యాకే పని!"

మెచ్చుకోళ్లు కురిశాయి. ఒక్క గొంతు అడ్డం తిరిగింది. నీళ్ల ట్యాంకర్ నడిపే ఆంజిది.

"రూతక్కా, మనం బయట కూచుంటే కదిరి నుంచి వేరే కూలోళ్లను దించుతాడు. చౌడమ్మతో పాటు మనమూ ఇంటికే. ముందు మాట్లాడుకుందాం."

"ఏమప్పా, కాంట్రాక్టరు బిర్యానీ పెట్టినాడా?" అని ఒకరు.

"తొత్తు నాయాలు! తీసేయ్ అక్కా వాన్ని!" అని మారుతి.

రూతు ఆంజిని గ్రూపులోంచి తీసేసింది. ఆ తర్వాత ఎదురుమాట లేదు. ఫోను తెర మీద వరసగా బొటనవేళ్లు లేచాయి. దాన్నే ఐకమత్యం అనుకుంది రూతు.

తెల్లారి గేటు దగ్గర నలుగురే కూచున్నారు.

బొటనవేలు ఎత్తినవాళ్లంతా తల దించుకుని లోపలికి పోయారు. కిరణ్ పళ్లికిలించాడు. "ఏం రూతమ్మా, సమ్మె ఫోన్లోనేనా?"

రూతు నేరుగా గేటు బయటి బోరుబావి దగ్గరికి నడిచింది. ఆంజి ట్యాంకర్ నింపుతున్నాడు.

"నిన్ను తీసేసినాక ఎవురూ కాదన్లేదు" అంది.

"కాదంటే తీసేస్తావని తెలిసిపాయె. ఇంకెవరంటారు?" ఆంజి పైపు బిగిస్తూనే అన్నాడు. "భయం ఉండేది నా ఒక్కనికేనా? నన్ను తీసేస్తే అందరి భయమూ పోతాదా?"

రూతుకు కోపం వచ్చింది. మింగింది. అక్కడే నిలబడి అతన్ని మళ్లీ చేర్చి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"ఆంజిని తీసేసింది నా తప్పు. రానోళ్లు ఎందుకు రాలేదో చెప్పండి. ఎవురూ తిట్టొద్దు. బదులు చెప్పేటోళ్లు ముందు ఎదుటోళ్ల కష్టం సొంత నోటితో చెప్పల్ల. వాళ్లు 'ఔ' అన్యాకే మీ మాట."

మొదట అరుణజ్యోతి అనే కూలీ గొంతు వినిపించింది.

"మా ఇంటాయన ఆ గేటు కాడ వాచ్‌మన్. నేను ఆడ కూచుంటే నన్ను ఈడ్చాల్సింది ఆయప్పే అక్కా."

మారుతి ఆగి ఆగి మాట్లాడాడు. "నీ మొగుడే నీ మీద చెయ్యెయ్యల్ల. లేదంటే ఆయప్ప పనీ పోతాది. అదేనా పాపా?"

"ఔ."

"ఐతే గేటు వద్దు. అందరం లోపలికే పోయి కర్రలు కింద పెడదాం. మనం లోపలుంటే కొత్తోళ్లను యాడ దించుతాడు? ఆంజన్న భయమూ తీరె."

ఆ రోజూ మరుసటి రోజూ గ్రూపులో కొట్లాడుకున్నారు. ముసలి ఈశ్వరప్ప మాత్రం ఒప్పుకోలేదు. పలకల సందున కూర్చుంటే లోకం తమను చూడదని ఆయన వాదం. ఆయన్ను ఎవరూ తీసేయలేదు.

మూడో రోజు పొద్దున అందరూ లోపలికి పోయారు, ఈశ్వరప్పతో సహా. కర్రలు నేల మీద పడ్డాయి. గాలి ఎర్రదుమ్ము ఎత్తిపోసింది. మధ్యాహ్నానికి అద్దాలు ఎర్రబడ్డాయి. పోలీసు జీపు వచ్చింది. ఎస్సై రూతును ఎక్కించాడు.

జీపు గేటు దాటకముందే ఆంజి ట్యాంకర్ అడ్డంగా ఆగింది. జనం చుట్టూ మూగారు.

"తియ్‌రా బండి!" ఎస్సై అరిచాడు.

"నా ఒక్కని మాట కాదు సార్. అడిగి చెప్తా." ఆంజి జనం వైపు తిరిగాడు. "బండి తీయల్లనేటోళ్లు ఎవురన్నా ఉండారా?"

"నేనుండా" అని ఈశ్వరప్ప ముందుకొచ్చాడు. ఎవరూ కేకలు వేయలేదు.

ఎస్సై మొహం వెలిగింది. "చెప్పు పెద్దాయనా, బుద్ధి చెప్పు వీళ్లకు!"

"తీసేయ్ ఆంజీ. ఈడ మనల్ను చూసేది ఎవురు? జీపును పోనీ. దాని యెనకాలే నడుద్దాం, ఊర్ల మీదుగా, స్టేషన్ దాకా."

"ఔ" అన్నాడు ఆంజి. "ఔ" అన్నారు జనం.

ట్యాంకర్ వెనక్కి తగ్గింది. దారి ఖాళీ అయింది. ఎస్సై డ్రైవర్ భుజం పట్టుకున్నాడు.

"ఆగు. ఇప్పుడే కదలొద్దు."

వెనక సీట్లోంచి రూతు అంది. "పోనీ సార్. మావాళ్లు కాచుకోనుండారు."