పడమటి గోడకు ఎర్రమాను

పెద్దక్క ఆ ఇంటికి కాపురానికి వచ్చి పన్నెండేళ్లయింది. పన్నెండు ఆషాఢాలూ ఆమెకు పడమటి గోడతోనే సరిపోయింది. ఉరవకొండ చుట్టుపక్కల ఆ నెల గాలి ఎట్లా వీస్తుందో అక్కడ బతికినవాళ్లకే తెలుసు. వాన లేకుండా వట్టి దుమ్మును మోసుకొచ్చి గోడకేసి రుద్దుతుంది. మట్టిపూత పెచ్చులు పెచ్చులుగా ఊడి, లోపలి రాళ్లు పళ్లలాగా బయటపడతాయి. శ్రావణంలో పెద్దక్క మళ్లీ మట్టి తొక్కి, పేడ కలిపి, గోడకు మెత్తేది. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే పని.

ఆమె మొగుడు యేసన్న లారీ డ్రైవరు. వేరుశనగ బుడ్డల పిండి బస్తాలు కొడగు కాఫీ తోటలకు ఎరువుగా తోలుకుపోయి, వచ్చేటప్పుడు ఏ సరుకు దొరికితే ఆ సరుకు వేసుకొచ్చేవాడు. 1958లో ఒకసారి పెద్దక్కను కూడా లారీలో కూర్చోబెట్టుకుని పోయాడు. కొడగులో ఆమె జీవితంలో చూడనంత వాన చూసింది. అంతకంటే వింతగా, ఒంటి నిండా చెక్క కప్పుకున్న ఇళ్లు చూసింది. కింది పలక మీదికి పై పలక అంచు దిగి, పెంకులు పరిచినట్టు, గోడ పొడుగునా పలకలే. ఎంత వాన కొట్టినా నీళ్లు జారిపోతున్నాయి.

"ఏమయ్యా, మన పడమటి గోడకు ఇట్ల కొట్టిస్తే గాలి ఏం జేస్తుంది?" అంది.

యేసన్న నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. తిరుగు ప్రయాణంలో దారి పక్కనున్న కట్టెల డిపో దగ్గర లారీ ఆపాడు.

డిపో యజమాని ముందు టేకు చూపించాడు. ధర విని యేసన్న తల అడ్డంగా ఊపాడు. మత్తి, అంటే నల్లమద్ది, చూపించాడు. నల్లగా, ముతకగా ఉందని పెద్దక్కకు నచ్చలేదు. షెడ్డు చివర వేరేగా పేర్చిన దొంతర ఒకటి ఆమె కంట పడింది. ముదురు ఎరుపు, మధ్యమధ్య నల్లటి చారలు. పట్టుచీర మడత విప్పినట్టుంది. చేత్తో తడిమింది. చల్లగా, నున్నగా, రాయిలాగా ఉంది.

"ఇదేం మాను?" అని యేసన్న కన్నడంలో అడిగాడు. యజమాని ఏదో పేరు చెప్పాడు. ఆ పేరు పెద్దక్క నోటికి తిరగలేదు. చెదలు పట్టవు, వానకు కుళ్లదు, టేకులో సగం ధర అన్నాడు.

"ఇదే కావల్ల," అంది పెద్దక్క.

లారీకి ఎక్కించిన కూలీలు మోచేతుల దాకా నూనె పూసుకుని, చేతులకు గోనెపట్టలు చుట్టుకున్నారు. ఆ దేశంలో అదే అలవాటేమో అనుకుంది ఆమె.

కార్తీకంలో పని మొదలైంది. ఉరవకొండ నుంచి వడ్రంగి బుడేన్ సాబ్ వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, మానును చూసి దాని వయసు చెప్పగలడని పేరు. పలకను తిప్పి చూశాడు, వేలితో కొట్టి విన్నాడు, వాసన చూశాడు.

"ఇది టేకు గాదక్కా. మత్తీ గాదు. నా చేతికి ఎప్పుడూ రాలేదు ఇట్లాంటి మాను."

"మంచిది గాదా సాబన్నా?"

"మంచిదే. గట్టి మాను. లోపల ఇంకా తేమ ఉన్నెట్టుండాది, అంతే."

ముందు గోడకు నిలువు పట్టీలు బిగించాడు. వాటి మీద కింది నుంచి పైకి పలకలు. ఆ మానులో మేకు దిగేది కాదు. ప్రతి మేకుకూ బర్మాతో బెజ్జం వేయాల్సి వచ్చింది. బెజ్జం వేసిన చోట జిగురులాంటి చెమ్మ ఊరి, కాసేపటికి నల్లగా మారేది. చిత్రిక పడితే పచ్చి మాంసంలాంటి పొట్టు లేచేది. యేసన్న ఆ వారం లారీ ఎక్కకుండా పలకలు ఎత్తిపట్టాడు. పెద్దక్క మాత్రం పొద్దు పొడవకముందే బుడ్డలు పీకేదానికి పోయి, దీపాల వేళకు వచ్చేది. వచ్చీరాగానే గోడ ముందు నిలబడేది. రోజుకు రెండు మూడు వరసలు పైకి లేస్తున్నాయి. సాయంకాలపు ఎండ పడితే ఆ గోడ నిప్పుల కుంపటిలాగా వెలిగేది. ఊళ్లో వాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి పోయేవారు. పోతూ పోతూ బుడేన్ సాబ్ చిత్రిక పొట్టంతా గోనెసంచిలో కూరి పొయ్యిలోకని ఇంటికి తీసుకుపోయేవాడు.

ఆరో రోజు పొద్దున పెద్దక్క మొగుణ్ణి లేపడానికి దుప్పటి తీసి కెవ్వుమంది.

మంచం మీద ఉన్నది యేసన్న ముఖం కాదు. కళ్లు రెండూ ఉబ్బి గీతలైపోయాయి. పెదవులు రెండింతలయ్యాయి. నుదురు, మెడ, మోచేతులు, అంతటా నీటిపొక్కులు. ఆ ముఖం లోంచి యేసన్న గొంతు వచ్చింది. "ఎందుకరుస్తాండావు? ఏమాయ?"

 దుప్పటి పట్టుకున్న ఆమె చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

ఆ పొద్దు బుడేన్ సాబ్ పనికి రాలేదు. మధ్యాహ్నానికి కబురు వచ్చింది. సాబుకూ అట్లాగే ఉందంట. అతని భార్య ఖాతూన్‌బీకి ఇంకా అన్యాయంగా ఉందంట, కళ్లు తెరవలేకుండా ఉందంట. ఆమె ఈ ఇంటి గడప ఏనాడూ తొక్కలేదు. ఆ సంగతి వినగానే ఊరంతా ఒకే మాట అనుకుంది. అంటుకునేది అయితేనే కదా ఒకరి నుంచి ఒకరికి పోయేది!

సాయంత్రానికి టీకాలు వేసే ఆయన సైకిల్ మీద వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, దూరం నుంచి యేసన్నను చూశాడు. "అమ్మవారే అనిపిస్తాండాది. ఎల్లుండి డాక్టరు వచ్చి చూస్తాడు. అంతదాకా ఈ ఇంటోళ్లు బయటికి పోవద్దు, ఎవరూ లోపలికి రావద్దు," అని చెప్పి, ఊళ్లోవాళ్లకు టీకాలు వేయడానికి పోయాడు.

మర్నాడు పొద్దున పెద్దక్క నీళ్లకని బిందె తీసుకుని బయటికి వచ్చింది. సందు మొగదల నడుమెత్తు ముళ్లకంప అడ్డంగా పడి ఉంది. దాని మీద వేపమండలు. కంప అవతల కర్ర పట్టుకుని నిలబడింది పక్కింటి ఓబన్న. పన్నెండేళ్లుగా వాళ్లింట్లో రొట్టె కాల్చినా, కూర వండినా వీళ్లింటికి గిన్నె వచ్చేది. ఓబన్న కూతురి పెండ్లికి యేసన్న లారీలోనే జనాన్ని తోలాడు.

"ఏమన్నా ఇది?" అంది పెద్దక్క.

ఓబన్న ఆమె వైపు చూడలేదు. "నీళ్లు మేమే తెచ్చి కంప దగ్గర పెడతాం. నువ్వు దాటొద్దు. బిడ్డలున్న ఊరు."

ఆమెకు కోపం కూడా రాలేదు. ఖాళీ బిందె కంప దగ్గర దించి వెనక్కి తిరిగింది.

ఆ రోజు ఆ కంప దాటి వచ్చింది ఒక్క మనిషే. చాకలి నల్లమ్మ. చిన్నప్పుడే అమ్మవారు పోసి ముఖమంతా గుంటలు పడ్డ ముసలామె. "నాకొచ్చి పోయింది. మళ్లా రాదు," అని, మైల బట్టలన్నీ మూటగట్టుకుని పోయింది.

మరునాడు తెల్లారేసరికి ఆమె యేసన్న చొక్కా ఒకటి చేతిలో పట్టుకుని రొప్పుకుంటూ వచ్చింది.

"మ్మే పెద్దక్కా, ఇది చూడు. రెండుసార్లు బానలో ఉడకేసినా. ఈ నల్ల మచ్చలు పోలేదు. ఈ మచ్చ నాకు తెలీదా? జీడిగింజ పాలతో బట్టలకు గురుతు పెట్టేది నేనే గదా. ఇది నల్లజీడి మచ్చ."

"మా ఇంట్లో జీడిగింజలు యాడుండాయి నల్లమ్మా?"

నల్లమ్మ యేసన్న దగ్గర కూర్చుంది. అతని చేతులు తిప్పి చూసింది. చొక్కా ఎత్తి వీపు చూసింది. పాదాలు చూసింది.

"జ్వరం వచ్చిందా నీకు?"

"లేదు. దురద. చచ్చిపోయేంత దురద," అన్నాడు యేసన్న.

"నాకు అమ్మవారు వచ్చినెప్పుడు మూడు దినాలు ఒళ్లు కాలి, ఆ పైన పోసింది. అరికాళ్లను గూడా ఇడిచిపెట్టలే. నీకు వీపు మీద లేదు, కాళ్లకు లేదు. చెయ్యి పోయిన కాడల్లా ఉండాది. కొత్త కోడలుగా ఉన్నెప్పుడు జీడిపాలు తగిలి నా మొఖం ఇట్లే అయింది. ఏం ముట్టుకున్నావు నువ్వు?"

పెద్దక్క మెల్లగా తల తిప్పి వాకిలి లోంచి బయటికి చూసింది. నల్లమ్మ ఆమె చూపు వెంబడే లేచి బయటికి పోయి, గోడ దగ్గర వంగింది. మేకు మేకు చుట్టూ నల్లగా ఊరి ఎండిన చుక్క. చొక్కా మీది మచ్చను దాని పక్కన పెట్టింది. రెండూ ఒకటే నలుపు.

పెద్దక్కకు డిపోలో నూనె పూసుకున్న ఆ కూలీల మోచేతులు కళ్ల ముందు కదిలాయి. వాళ్లకు తెలుసు. ఎక్కించిన ప్రతివాడికీ తెలుసు. ఇన్ని మానుల్లో ఏరి ఏరి, దీన్నే కావాలన్నది తను.

"మరి ఖాతూన్‌బీ? ఆమె పలక ముట్టుకోలేదే..." అంటూనే ఆగిపోయింది. గోనెసంచులు గుర్తొచ్చాయి. ఐదు రోజుల పొట్టు.

"పొగ!" అంది నల్లమ్మ. "జీడి పొగ కంట్లో పడితే చూపు పోతుందే!"

పెద్దక్క పరుగెత్తింది. కంప దగ్గర ఓబన్న కర్ర అడ్డం పెట్టాడు.

"యాడికి? డాక్టరు వచ్చేదాకా—"

"అమ్మవారు గాదన్నా! మాను! ఆ మాను పాలు!"

"నీకు మతి చలించింది. వెనక్కి పో."

పెద్దక్క రెండు చేతులా కంప పట్టుకుని పక్కకు లాగిపారేసింది. ముళ్లు దిగి అరచేతుల నుంచి నెత్తురు కారింది. ఆ నెత్తురు చూసి ఓబన్న కర్ర దించాడు. భయపడి దించాడో, సిగ్గుపడి దించాడో ఆమె చూడలేదు.

ఉరవకొండ దాకా రెండు కోసుల దూరం ఎట్లా పోయిందో తెలియదు. బుడేన్ సాబ్ ఇంటి తలుపులు వేసి ఉన్నాయి. తోసుకుని లోపలికి పోయింది. ఇల్లంతా పొగ. మంచం మీద బుడేన్ సాబ్ ముఖం మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు. మూలన చాప మీద ఖాతూన్‌బీ ఉంది. పొయ్యి ముందు ఆమె చెల్లెలు దాదాబీ కూర్చుని, దగ్గుతూ, అక్కాబావలకు స్నానం చేయించడానికి వేపాకు నీళ్లు కాస్తోంది. పక్కన గోనెసంచి. అందులోంచి పిడికెడు పిడికెడు ఎర్ర పొట్టు తీసి పొయ్యిలో వేస్తోంది.

 నయం చేయడానికని మూడు రోజులుగా ఆ పొయ్యిని ఆ పొట్టుతోనే మండిస్తున్నారు!

కాగుతున్న వేపనీళ్ల కుండను చీరకొంగుతో పట్టి పొయ్యిలోకే వంచేసింది. బుస్సుమని ఆవిరి లేచింది. "ఏంచేస్తాండావమ్మా నువ్వు!" అని దాదాబీ అరిచింది. పెద్దక్క తలుపులు, కిటికీ బార్లా తెరిచి, ఖాతూన్‌బీని రెక్క పట్టి ఎత్తి వాకిట్లోకి తెచ్చింది. ఆ తర్వాతే ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పింది.

బుడేన్ సాబ్ తలుపు పట్టుకుని నిలబడి విన్నాడు. వాచిన కళ్ల సందులోంచి ఆమె నెత్తురు చేతులు చూశాడు. "నలభై ఏండ్లు మాను పని చేసినా," అన్నాడు. "మాను మనిషిని ఇట్ల జేస్తుందని నాకు తెలీదు గదక్కా!"

మధ్యాహ్నం డాక్టరు వచ్చి, మశూచి కాదని తేల్చి, పూతమందు ఇచ్చాడు. నల్లమ్మ తన లెక్కన కొబ్బరినూనె రాయించింది. ఏది పనిచేసిందో కానీ, వారానికి యేసన్న ముఖం యేసన్న ముఖంలాగా అయింది. ఖాతూన్‌బీ కళ్లు తెరవడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పెద్దక్క నడిచిపోయి ఆమెకు అన్నం తినిపించింది. పన్నెండో రోజున ఖాతూన్‌బీ, "నీ రైక ఆకుపచ్చ రంగుది," అన్నప్పుడు దాదాబీ, పెద్దక్క ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

ఓబన్న కంప తీసేశాడు. అతని భార్య గిన్నెతో కూర పంపింది. పెద్దక్క తీసుకుంది. చాలా రోజుల దాకా ఆ ఇంటి వైపు తలెత్తి చూడలేకపోయింది మాత్రం.

సంక్రాంతి పోయాక యేసన్న మళ్లీ కొడగు పోతుంటే ఆమె కూడా లారీ ఎక్కింది. డిపో యజమానిని నాలుగు మాటలు అడగకపోతే ఆమెకు నిద్ర పట్టేట్టు లేదు. యేసన్న జరిగిందంతా కన్నడంలో చెబుతుంటే ఆ పెద్దమనిషి ముఖం పాలిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పేరు చెప్పినాను కదమ్మా," అన్నాడు. మాట మాటా యేసన్న తెలుగులో చెప్పాడు. "ఆ పేరు వింటే ఈడ చిన్నపిల్లలు కూడా చెట్టు కిందికి పోరు. నువ్వు కావాలని అడిగితే, తెలిసినదానివి, ఏడాది ఎండబెట్టుకుని వాడుకుంటావనుకున్నా. తెలియని ఊరు ఉంటుందని నాకు తోచనే లేదు."

తిట్టడానికి వచ్చిన పెద్దక్క ఆ మాటతో మెత్తబడింది. పలకలు వెనక్కి తీసుకుంటానన్నాడు. వాటిని లారీకెత్తే మనిషి తమ ఊళ్లో లేడని యేసన్న చెప్పాడు.

అట్లా పలకలు అక్కడే ఉండిపోయాయి. సగం గోడకు చెక్క, సగం గోడకు మట్టి. మిగిలిన దొంతర వాకిట్లో అనంతపురం ఎండకు ఎండింది. ఊరంతటికీ దొంగలు ముట్టుకోని సొత్తు అదొక్కటే. ఏడాదిన్నర గడిచాక, పిలవకుండానే బుడేన్ సాబ్ పనిముట్లతో వచ్చాడు. ఒక పలక చిత్రిక పట్టి, ఆ పొట్టును మోచేతికి గుడ్డతో కట్టుకుని, రెండు రోజులు ఊరుకున్నాడు. ఏమీ కాలేదు. చేతులకు గుడ్డలు చుట్టుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, నాలుగు రోజుల్లో గోడ పూర్తి చేశాడు. ఈసారి పొట్టు మొత్తం పెద్దక్కే గుంత తీసి పూడ్చింది.

ఆఖరి రోజు ఖాతూన్‌బీ మొగుడికి అన్నం తెచ్చింది. ఆ గోడను ఆమె చూడడం అదే మొదటిసారి. సందు మధ్యలోనే ఆగి, చాలాసేపు చూసింది.

"ముందుకు రా వదినా," అంది పెద్దక్క. "ఇప్పుడేం చెయ్యదు."

"బాగుండాది. శానా బాగుండాది," అంది ఖాతూన్‌బీ, అడుగు కదపకుండా. "నాకు ఈడ్నుంచి కనపడతాండాదిలే."