ఉత్తరమా, దక్షిణమా

"ఇంజను చచ్చింది. ఒకటో అక్షాంశం, ఎనభయ్యో రేఖాంశం," అన్నాడు సముద్రం మీంచి రేడియోలో మా ఆయన విల్ఫ్రిదో. అంతలో అది మూగబోయింది.

మరిది ఎలాడియో అన్నను వెతకడానికి రేవులోని తన పడవను దక్షిణానికి తిప్పబోయాడు. మా హరామిహో రేవు వాళ్ళంతా భూమధ్యరేఖకు దక్షిణానే వేటాడతారు. అందుకే అక్షాంశం చెప్పేటప్పుడు ఉత్తరమో దక్షిణమో ఎవరూ చెప్పరు. పడవలో పెట్రోలు చూస్తే ఒక్క వైపుకే సరిపోతుంది.

నేను పటం పరిచి వేలు పెట్టాను. "ఆగు ఎలాడియో! దక్షిణమైతే ఇక్కడ కోకో తోటలున్నాయి. మీ అన్న చెట్ల మీద వల వేస్తున్నాడా?"

"అయితే రేఖ దాటి ఉత్తరానికి పోయాడా వదినా?"

"పోయాడు, మొండిఘటం! ఆ మాట చెప్పి చావొచ్చుగా!"

పడవ ఉత్తరానికి కదిలింది. పటం మీద ఆ చోటు మా రేవుకు జానెడు దూరం. పడవ కనుమరుగయ్యాక కూడా ఆ జానెడు మీంచి నా చెయ్యి తియ్యలేదు.